మామ్మకో మంచం

పొద్దున్నే షెల్టరు గేటు తీసిన వార్డెన్‌కు మెట్టు మీద కూర్చున్న మామ్మ కనిపించింది. ఒళ్లో గుడ్డసంచి, పక్కన చేతికర్ర. బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా తాపీగా కూర్చుని ఉంది.

"ఏంటి మామ్మా, మమ్మల్ని చూసిపోదామని వచ్చావా?" అంది వార్డెన్ నవ్వుతూ.

"చూడ్డానికి కాదమ్మా. గోడ పక్కన నా మంచం ఉండేది కదా, అది ఎవరికైనా ఇచ్చేశారా?"

వార్డెన్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. మామ్మ, ఆమె కోడలు, మనవరాలు ఈ షెల్టరులో చాలాకాలం తలదాచుకున్నారు. ఈ మధ్యనే వాళ్లకొక ఇల్లు దొరికింది. వెళ్లిననాడు షెల్టరులో ఉన్నవాళ్లంతా గేటుదాకా వచ్చి సాగనంపారు. అలా వెళ్లిన మనిషి తిరిగొచ్చి పాత మంచం అడగడం వార్డెన్ ఎప్పుడూ చూడలేదు.

"కోడలితో ఏమైనా మాటామాటా వచ్చిందా?"

"దానితో నాకేం గొడవమ్మా? బంగారం లాంటి పిల్ల."

"మరి ఏమైంది?"

మామ్మ రెండు చేతులతో మోకాళ్లు రుద్దుకుంటూ, గేటు సందులోంచి లోపలి మంచాల వరుస వైపు చూసింది.

చూసేవాళ్లకు ఇది ముసలితనపు చాదస్తంలా కనిపిస్తుంది. ఇల్లు దొరికాక కూడా ఈవిడకేం వచ్చింది అనిపిస్తుంది. చదివే మీకూ అలాగే అనిపిస్తే అందులో తప్పు లేదు. వార్డెన్‌కూ అలాగే అనిపించింది. మామ్మను లోపల కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, గోడౌనక్కకు ఫోన్ చేసింది.

ఇల్లు పోగొట్టుకుని మళ్లీ ఒక గూటికి చేరిన కుటుంబాలకు సామాను సమకూర్చే సేవాసంఘం ఒకటి ఆ ఊళ్లో ఉంది. దాని గోడౌను బాధ్యత చూసేది గోడౌనక్క. అందరూ అలా పిలిచీ పిలిచీ, అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె వెంటనే పలకదు కూడా. యాభై దాటిన మనిషి. నడుముకు బెల్టు కట్టుకుని బీరువాలు తోస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది, మధ్యాహ్నం నిలబడే ఏదో ఇంత తింటుంది. ఫోన్లన్నీ దాదాపు ఒకే రకం. "మా ఇల్లు బాగు చేయిస్తున్నామండీ, పాత సోఫా ఒకటుంది. పడేయడానికి మనసొప్పడం లేదు. పేదవాళ్లకు పనికొస్తుంది కదా? కానీ సాయంత్రంలోగా తీసుకెళ్లాలి, కొత్తది వచ్చేస్తోంది." గోడౌనక్క సరే అంటుంది. ఎవరికీ కాదని చెప్పకూడదని సంఘం సెక్రటరీగారు మొదట్లోనే చెప్పి ఉంచారు. ఒకసారి వద్దంటే ఆ ఇంటివాళ్లు మళ్లీ ఫోన్ చెయ్యరట. వచ్చిన సామానుతో గోడౌను నిండుతుంది. నిండినదాన్ని ఏదో ఒక ఇంటికి పంపితేనే కొత్తగా వచ్చేదానికి చోటు. ఇలా సామాను ఒక చేత్తో అందుకుని ఇంకో చేత్తో సాగనంపడంలోనే ఆమె ఏళ్లు గడిచిపోయాయి. దించిన తర్వాత ఆ ఇళ్లలో ఆ వస్తువులు ఏమవుతున్నాయో వెళ్లి చూసే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

వార్డెన్ చెప్పింది విని ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"మంచం లేకపోవడమేంటి? పెద్ద నగిషీ మంచం పంపించాను. వాళ్లింటికి వ్యాను రెండుసార్లు తిరిగింది. ఇంకేం కావాలట?"

"నాకేం తెలుసక్కా? ముసలావిడ నోరు విప్పడం లేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఒకసారి ఆ ఇంటికి వెళ్లి చూసి రారాదూ?"

గోడౌనక్క ఫోన్ పెట్టేసి, వ్యాన్ డ్రైవరును కేకేసింది. అతన్ని అందరూ వ్యానన్న అంటారు. "పద, ఆ మామ్మ ఇంటికి. ఎంతిచ్చినా చాలదు ఈ జనానికి," అని విసుక్కుంటూ ఎక్కింది.

ఇల్లు మూడో అంతస్తులో. మెట్లెక్కేసరికి నడుము పట్టేసింది. తలుపు కొడితే కోడలు సగమే తీసింది. "మా అత్తయ్యను తెల్లవారుజామున నేనే పట్టుకుని లేపాను, అప్పట్నుంచీ కనపడట్లేదండీ!" అంది గోడౌనక్కను చూడగానే. "సందులన్నీ వెతికొచ్చాను."

"షెల్టరులో ఉంది. క్షేమంగానే ఉంది, కంగారు పడకు. ముందు తలుపు పూర్తిగా తియ్యి."

"ఇంతకంటే తెరుచుకోదండీ. వెనక సోఫా అడ్డం."

గోడౌనక్క పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, సందులోంచి దూరింది. లోపలికొచ్చాక ఎక్కడ అడుగు పెట్టాలో తెలియలేదు.

తలుపు వెనక ముదురెరుపు సోఫా. ఒక కాలు లేదు, ఇటుక పెట్టారు. గది నడిమధ్యలో ఇంట్లోనే నడవడానికి, పరిగెత్తడానికి డబ్బున్నవాళ్లు కొనుక్కునే మిషను. దాని చేతుల మీద తడిబట్టలు ఆరుతున్నాయి, పట్టీ మీద పిల్ల పుస్తకాలు ఉన్నాయి. దాని పక్కన చేపల్లేని గాజుతొట్టి. అద్దం ఊడిపోయిన అలంకరణ బల్ల. తాళంచెవి పోయి ఇక ఎప్పటికీ తెరుచుకోని ఇనప బీరువా కిటికీకి అడ్డంగా నిలబడి ఉంది. పట్టపగలు ఆ గదిలో లైటు వెలుగుతోంది. గోడకు చేరవేసి నగిషీ మంచం, నిలువుగా.

"మంచం పడుకోబెట్టలేదేం?"

"దానికి లోపల చెక్కలు లేవండీ. చుట్టూ చట్రమే వచ్చింది."

వంటగదిలో పొడుగుకాళ్ల గాజుగ్లాసులు బోలెడున్నాయి. మూతలేని కుక్కరు ఉంది. వండుకోవడానికి సరైన గిన్నె ఒక్కటే. అందులోనే వంట, అదే కడిగి అందులోనే పాలు. ఆ ఇల్లు నిండా సామానే. మనుషులు నడుం వాల్చడానికి సోఫాకూ మిషనుకూ మధ్యనున్న సందొక్కటే మిగిలింది. అక్కడ దుప్పటి పరిచి ఉంది.

గోడౌనక్క సోఫా మీద కూలబడింది. ఇటుక జారి, సోఫా ఒక పక్కకు ఒరిగింది. కోడలు గబగబా వచ్చి ఇటుక సర్దబోయింది. "అయ్యో, మీరు లేవకండి, నేను చూస్తాను. చాలా బావుందండీ సోఫా. అన్నీ బావున్నాయి. మీ మేలు మర్చిపోలేం."

వ్యానన్న గుమ్మంలో ఇరుక్కుని నిలబడ్డాడు. "అక్కా, ఆ పరుగు మిషను నా భుజం మీద మెట్లెక్కించినప్పుడే అనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా. "వీళ్లు ఇన్నాళ్లూ పరిగెత్తింది చాలలేదా, ఇంట్లో కూడా పరిగెత్తాలా అని."

ఎవరూ నవ్వలేదు.

"మీ అత్తయ్య ఎక్కడ పడుకునేది?" అని అడిగింది గోడౌనక్క.

"ఇక్కడే, మాతోపాటు కింద." కోడలు దుప్పటి వైపు చూసింది. "ఆవిడ మోకాళ్లు పాడయ్యాయండీ. కింద కూర్చుంటే తనంతట తాను లేవలేదు. నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి వచ్చేసరికి ఒళ్లు తెలియదు. రాత్రిళ్లు బాత్రూంకి వెళ్లాలంటే నన్ను లేపాలి. రోజూ లేపేది. మొన్న లేపలేదు. కోడలు అలిసిపోయింది, పడుకోనీ అనుకుందట. పొద్దున్న చూసుకుంటే..." ఆమె మాట మింగేసింది. "ఏం పర్లేదత్తయ్యా అన్నాను. దుప్పటి ఉతికాను. అది నా పనే కదండీ. కానీ ఆవిడ ఆ తర్వాత నా ముఖం చూడలేదు."

రోజంతా ఊళ్లో వాళ్ల మంచాలకు దుప్పట్లు మడతపెట్టే మనిషి ఇంట్లో ఒక మంచం లేదు. ఆ సంగతి గోడౌనక్కకు ఇప్పుడు తెలిసింది. ఆ చట్రం తన గోడౌనులోంచే వచ్చింది. తన చేత్తోనే వ్యాను ఎక్కించింది.

"ఇవన్నీ వద్దని ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. కోపంగా అడగాలనుకుంది గానీ గొంతులో ఓపిక లేదు.

"వద్దంటే పొగరనుకుంటారు కదండీ." కోడలు చీర కొంగు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "షెల్టరులో ఒకసారి ఎవరో పెద్దావిడ వచ్చి పిల్లలకి చెప్పులు పంచింది. మా పాపకి బిగుతుగా ఉన్నాయన్నాను, అంతే. 'ఉచితంగా ఇస్తుంటే వంకలు కూడానా' అంది, అందరి ముందూ. అప్పట్నుంచీ నాకు వద్దనే మాట నోటికి రాదండీ. ఇంకో భయం కూడా ఉంది. వీళ్లకి విశ్వాసం లేదని ఎవరైనా ఈ ఇల్లు ఇప్పించిన పైవాళ్లతో చెబితే, ఇది కూడా పోతుందేమోనని."

"ఇల్లెందుకు పోతుంది?"

"ముందున్న ఇల్లు ఎందుకు పోయిందండీ? మా ఆయన జబ్బుపడ్డారు. చికిత్సకి పెడితే అద్దెకి లేదు, అద్దెకి పెడితే చికిత్సకి లేదు. ఆయన పోయారు, ఇల్లూ పోయింది. సామానంతా తెచ్చి రోడ్డు మీద పెట్టారు. ఆ రోజు వాన." ఆమె ఒక్కసారి గదంతా కలియజూసింది. "అప్పుడు రోడ్డున పడ్డ మా సామాన్లో కూడా ఇంత చెత్త లేదండీ."

అన్న వెంటనే చేత్తో నోరు మూసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. "తప్పుగా అనుకోకండి, నా ఉద్దేశం అది కాదు..."

"అదే నీ ఉద్దేశం," అంది గోడౌనక్క. "అదే నిజం కూడా." కష్టం మీద సోఫాలోంచి లేచి, వ్యానన్న వైపు తిరిగింది. "ఇవన్నీ కిందికి దించుదాం."

"ఇప్పుడా? ఎక్కించినప్పుడే నా ప్రాణం పోయిందక్కా."

"సగం మిగిలుంటుందిగా, దానితో దించు."

మధ్యాహ్నం దాటేదాకా దించారు. కోడలు కూడా ఒక చెయ్యి వేసింది. బీరువా కిటికీ ముందు నుంచి జరగగానే వెలుగు గోడ దాకా వచ్చి పడింది. పక్కింటివాళ్లు తలుపులు తీసి చూశారు. ఒకావిడ జాలిగా "మళ్లీ ఖాళీ చేయిస్తున్నారా తల్లీ?" అంది. కోడలు కాదని తల ఊపింది గానీ ఆమెకు వివరం చెప్పే ఊపిరి లేదు.

సోఫా, బీరువా, మిషను, అన్నీ వీధిలో వ్యాను పక్కన చేరేసరికి పిల్ల బడి నుంచి వచ్చింది. సందు మొదట్లోనే ఆగిపోయింది. ఇంటి ముందు రోడ్డు మీద తన ఇంట్లో సామాను. గోడకు ఆనించి ఉన్న మంచం చట్రం. పిల్ల గట్టిగా ఏడవలేదు. వీపు మీది సంచి పట్టీలు రెండు చేతులతో బిగించి పట్టుకుని, వెనక్కి తిరిగి పరుగు తీసింది.

"బుజ్జీ! బుజ్జీ!" కోడలు చేతిలో ఉన్నది వదిలేసి వెంటపడింది. సందు మలుపులో పట్టుకుంది. "అమ్మా, మనం మళ్లీ వెళ్లిపోవాలా? నా పుస్తకాలు తడుస్తాయా?"

"ఎక్కడికీ వెళ్లం. ఇల్లు మనదే. ఎవరూ వెళ్లగొట్టలేదు." కోడలు రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ముఖం తుడిచింది. "అవి మనకి వద్దమ్మా. మనమే వద్దన్నాం. విన్నావా? నేనే వద్దన్నాను."

వెనకే ఆయాసపడుతూ వచ్చిన గోడౌనక్క ఆ మాట విని అక్కడే ఆగిపోయింది.

మర్నాడు సెక్రటరీగారు గోడౌనుకు వచ్చారు. చెడ్డమనిషి కాదు. సంఘం కోసం తన వ్యాపారం కూడా పక్కనపెట్టి తిరిగే మనిషి. రాత్రి నిద్ర లేనట్టుంది ఆయన ముఖం. "ఇచ్చిన సామాను వెనక్కి తెచ్చారట? ఆ సోఫా ఎవరిదో తెలుసా మీకు? మనం ఏరుకోవడం మొదలుపెడితే ఇచ్చేవాళ్లు మిగలరమ్మా."

"మిగలకపోతే గోడౌను ఖాళీగా ఉంటుంది సార్. చెక్కల్లేని మంచం కన్నా ఖాళీ గోడౌనే నయం."

ఆయన ఆమె ముఖం వైపు చూశారు. "ఈ ఒక్క ఇంటికీ మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండి. తర్వాత చూద్దాం," అని వెళ్లిపోయారు.

ఆ వారంలోనే, షెల్టరులో తన పాత మంచం మీదే ఉంటున్న మామ్మనూ, కోడలినీ గోడౌనుకు పిలిపించింది గోడౌనక్క. "మీకు కావలసింది మీరే చూసుకోండి," అంది. చెప్పినంత తేలిక కాలేదు అది. కోడలు అంత పెద్ద షెడ్డులో తిరిగి తిరిగి, చివరికి బీటువారిన ఒక స్టూలు ముట్టుకుని "ఇది చాలండీ" అంది. బాగున్న వస్తువుల దగ్గరికి పోవడానికి ఆమె కాళ్లు సాగలేదు. గోడౌనక్క ఆ స్టూలు పక్కకు నెట్టి, ఆమెను చెయ్యి పట్టుకుని గిన్నెల అరల దగ్గరికి తీసుకెళ్లింది. మూత సరిపోయిందో లేదో పెట్టి చూడమంది. కోడలు ముందు మొహమాటపడింది. తర్వాత ఒక గిన్నె అడుగు వేలితో కొట్టి చూసింది. "ఇది మరీ పల్చన, మాడుతుంది," అంది మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. దాన్ని అరలో పెట్టేసి, పక్కనున్నది తీసింది.

మామ్మకు అలాంటి మొహమాటాలేం లేవు. ఉన్న మంచాలన్నిటి మీదా కూర్చుని చూసింది. ఒకటి మరీ కిందికి ఉందంది. ఇంకోటి కదిలితే కిర్రుమంటోంది, పిల్ల లేస్తుందంది. మూడోది మెత్తగా లోపలికి లాగేస్తోందంది.

"మంత్రిగారు కూడా కుర్చీని ఇంతసేపు చూసుకోరు మామ్మా," అన్నాడు వ్యానన్న.

"ఆయన్ని లేపడానికి పదిమంది ఉంటారు నాయనా. నాకు ఈ మోకాళ్లే దిక్కు."

ఈసారి అందరూ నవ్వారు. కానీ మామ్మకు సరిపడే మంచం గోడౌనులో లేదు. అంత పెద్ద షెడ్డులో, అంత సామానులో, ఒక ముసలావిడ తనంతట తాను లేవగలిగే మంచం ఒక్కటి లేదు. మామ్మ కర్ర తీసుకుని షెల్టరు దారి పట్టింది. కోడలు గిన్నెల సంచితో ఒక్కతే ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం గోడౌనక్క బెల్టు విప్పి, తలుపు దగ్గర చాలాసేపు ఊరికే కూర్చుంది.

అప్పట్నుంచీ వచ్చిన ప్రతి ఫోనుకూ ఆమె ఒకటే చెప్పింది. "అమ్మా, మాకు మోకాళ్ల ఎత్తున గట్టి మంచం కావాలి. అదుంటే చెప్పండి." కొందరు మాట మార్చారు. కొందరు నొచ్చుకున్నారు. "ఇస్తామంటే మీ దగ్గర ఇన్ని షరతులా!" అని ఒకాయన ఫోన్ పెట్టేశాడు. రోజులు గడిచాయి. పిల్ల రోజూ బడి నుంచి షెల్టరుకు వెళ్లి నాయనమ్మతో కాసేపు కూర్చుని ఇంటికి వెళ్లేది.

ఒకనాడు ఎవరో ఒక గృహిణి ఫోన్ చేసింది. తన దగ్గర ఏముందో చెప్పలేదు. "మీ దగ్గరికొచ్చేవాళ్లకి ఇప్పుడేం అవసరమో చెప్పండి, నా దగ్గరుంటే ఇస్తాను," అంది. ఇన్నేళ్లలో గోడౌనక్కను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమె మామ్మ సంగతి చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా చుట్టాల గదిలో ఒక మంచం ఉంది. చుట్టాలు వస్తే నేల మీద పడుకుంటారు, వాళ్ల మోకాళ్లు బాగానే ఉన్నాయి. పంపించండి వ్యాను," అంది.

సాదా చెక్క మంచం. నగిషీలు లేవు. గోడౌనులో మామ్మ దాని మీద కూర్చుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాయి. పక్కపట్టె పట్టుకుని లేచింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "ఇది," అంది అంతే.

ఆ రోజు వ్యానన్నకు సాయం పట్టేవాడు రాలేదు. ఏదో పని మీద వచ్చిన సెక్రటరీగారే చొక్కా చేతులు పైకి మడుచుకుని రెండో పక్క పట్టారు. మూడో అంతస్తు చేరేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. గదిలో గోడ వారగా దించి, హమ్మయ్య అనుకుంటూ చెమట తుడుచుకోబోయారు.

"అక్కడొద్దు సార్," అంది కోడలు. "కిటికీ దగ్గర పెట్టండి. అత్తయ్యకి వెలుగు కావాలి."

కోడలు తల దించుకోలేదు. సెక్రటరీగారు వ్యానన్న వైపు చూశారు. వ్యానన్న వంగి తన పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మళ్లీ ఎత్తి, కిటికీ దగ్గర పెట్టారు. పిల్ల దుప్పటి పరిచింది. మామ్మ కూర్చుని, కర్ర అందేంత దూరంలో పెట్టుకుని, నడుం వాల్చింది. కాసేపటికి నిద్రపోయింది. ఆ ఇంట్లో ఇంకా కావలసినవి చాలా ఉన్నాయి. కుర్చీ లేదు, బట్టలకు అర లేదు. అవి దొరికేదాకా వాళ్లు ఆగాలి. ఆగడం వాళ్లకు తెలుసు.

మెట్లు దిగుతూ సెక్రటరీగారు మధ్యలో ఆగి, చేతులు నలుపుకున్నారు. "ఇలా ఒక్కొక్క ఇంటినీ అడిగి చేస్తే ఏడాదికి ఎన్ని ఇళ్లు చెయ్యగలం? ఎంతమందికి ఇచ్చామని చెప్పుకుంటాం?"

"తక్కువే సార్. చెప్పుకోవడానికి పెద్దగా ఉండదు." గోడౌనక్క గోడకు ఆనుకుని నడుము మీద చెయ్యి వేసుకుంది. అలసట ఆమె ఒంట్లో అలాగే ఉంది, గొంతులో మాత్రం తడబాటు లేదు. "కానీ ఇల్లు పోయినప్పుడు మనిషికి మంచం, గిన్నె మాత్రమే పోవు సార్, 'ఇది నాకు కావాలి, అది నాకొద్దు' అనే మాట కూడా పోతుంది, ఆ మాట వాళ్ల నోటికి తిరిగి వచ్చేదాకా మనం ఎన్ని వ్యాన్ల సామాను దించినా, వాళ్లకి ఇల్లు ఇచ్చినట్టు కాదు."